సబ్బు మీద గాటు

ఆ ఆటో పోనీ బుజ్జమ్మా, అప్పుడు రాద్దువు. ఆ మైకు మోతలో నా మాట నాకే వినపడదు. పాత ఇనుము కొంటాం, పగిలిన ప్లాస్టిక్ కొంటాం, పాడైన బ్యాటరీలు కొంటాం. అదే పాట. ఇదివరకు మనిషి అరిచేవాడు, ఇప్పుడు డబ్బా అరుస్తోంది. నువ్వు ఒకసారి కిటికీలోంచి ఎదురింటి తలుపు తీసి ఉందో మూసి ఉందో చూసిరా. ఎందుకంటే తర్వాత చెప్తాను. ముందు చూడు.

చూశావా? సరే, కూర్చో. రాసుకో.

ఆయన పేరు మాత్రం రాయబాక. రాయాల్సిన పనీ లేదు. ఈ వీధిలో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. వైసాయన అనేవాళ్ళు, అంతే. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. భార్య ఆ ఎదురింట్లోనే ఉంది. ఆమె ఉన్నన్నాళ్ళు ఈ కాగితాలు నీ పెట్టెలోనే ఉండాలి. ఈ వీధిలో ఎవరికీ చదివి వినిపించబాక. ఎందుకో నీకే తెలుస్తుంది.

వైసంటే నీకు తెలుసో లేదో. బల్లకు బిగించే ఇనప దవడలు. రెండు దవడలుంటాయి, మధ్యలో మర ఉంటుంది, ముందు ఒక కడ్డీ వేలాడుతుంది. కడ్డీ తిప్పితే దవడలు దగ్గరికొచ్చి, మధ్యలో పెట్టిన వస్తువును కదలకుండా పట్టుకుంటాయి. వెల్డింగు షాపుల్లో చూసుంటావు, అవి పెద్దవి, ఒక మనిషి ఎత్తలేడు. ఈయన దగ్గర ఉండేవి చిన్నవి, పిల్లి తలకాయంత. పాతవి. అంత చిన్నవి ఇప్పుడెవరూ చేయడం లేదని ఆయనే అనేవాడు. వసారాలో తాటిచెక్క బల్ల, దాని అంచున వరసగా ఈ పిల్లి తలకాయలు. వాటి వెనక ముక్కాలి పీట మీద ఆయన. లుంగీ, చేతుల్లేని బనీను, చెవిలో బీడీ. ఆ బీడీ వెలిగించగా నేను చూడలేదు. భార్య మాన్పించిందంట. చెవిలో పెట్టుకోవడం మాత్రం మాన్పించలేకపోయింది.

తాళాలు, కిరసనాయిలు స్టవ్వులు, గొడుగులు, కళ్ళద్దాలు, పిల్లల కాలి పట్టీల సీలలు, ఏది విరిగినా ఆయన దగ్గరికే. ఈ చుట్టుపక్కల రొయ్యల గుంటలు వచ్చాక గుంటల్లో నీళ్ళు చిలికే మోటార్ల సామాన్లు కూడా తెచ్చేవాళ్ళు. నాకు ఆయనతో పరిచయం నా కుట్టుమిషను వల్ల. ఒకసారి దారం ఊరికే తెగిపోతోందని లోపలి డబ్బీ తీసుకుని పోయాను. ఆయన దాన్ని వైసులో పెట్టబోయి ఆగి, పీట కింద వెతికి, పాత చెప్పు నుంచి కోసిన తోలు ముక్కలు రెండు తీశాడు. ఒక్కో దవడకు ఒక్కో ముక్క పెట్టి, మధ్యలో నా డబ్బీని ఉంచి, కడ్డీని రెండు వేళ్ళతో తిప్పాడు.

"చెప్పు తోలుతో నా మిషను పట్టుకుంటావా అబ్బయా? దండం పెట్టుకుని కుట్టేదాన్ని," అన్నాను.

"దండం నువ్వు పెట్టుకో అక్కా. ఇనుముకు ఇత్తడి తగిలితే ఇత్తడే చస్తది. నీ డబ్బీ ఇత్తడిది. నువ్వు బిడ్డను ఎత్తుకునేటప్పుడు గాజులు వెనక్కి తోసుకోవా? ఇదీ అంతే."

అంతవరకు నేను గాజులు వెనక్కి తోసుకుంటానని నాకే తెలియదు. ఆ రోజు ఇంటికొచ్చి మీ అమ్మను ఎత్తుకుంటూ చూసుకున్నాను. నిజమే.

ఆయనకొక పిచ్చి ఉండేది. పని లేనప్పుడు ఏ వైసునూ బిగించి ఉంచేవాడు కాదు. తాటాకు దూరేంత సందు వదిలేవాడు. కడ్డీ తిన్నగా కిందికి వేలాడాలి, పక్కకు తిరిగి ఉంటే పోయేవాడి లుంగీకి తగులుకుంటుంది. సందు ఎందుకంటే మన ఊరి గాలికి. ఇది ఉప్పుగాలి కదా. కిటికీ సీలలే ఏడాదికి పొడైపోతాయి. దవడలు మూసి ఉంచితే రెండూ తుప్పుతో అతుక్కుపోయి ఒకటే ముద్దవుతాయి. "మూసిన నోరు ఈ ఊళ్ళో మళ్ళీ తెరుచుకోదక్కా," అనేవాడు. తన వైసులకే కాదు, ఎవరి కొట్టుకు పోయినా అంతే. వెల్డింగు షాపులో టీ తాగుతూ, సైకిల్ షాపులో పంచరు వేయించుకుంటూ, మాట్లాడుతూనే చెయ్యి పోయి వాళ్ళ వైసు వదులు చేసేది. వెల్డింగు షాపతను ఆయన్ని చూడగానే లోపలికి కేకేసేవాడు.

"ఒరే, నోళ్ళు తెరిపించేవాడొచ్చినాడు, బిగించినవన్నీ ఎత్తి దాయండ్రా."

"నీ నోరొక్కటే నేను తెరిపించాల్సిన పని లేదులే," అనేవాడు ఈయన.

మరకు ఆముదం పూసేవాడు. కొబ్బరినూనె పూయరాదా, వాసనైనా బాగుంటుంది అంటే, చలికాలంలో పేరుకుంటుంది, నీ తలకు పనికొస్తుంది గాని నా మరకు పనికిరాదు అనేవాడు. ఆముదం అయిపోతే మా ఇంటికే వచ్చేవాడు గిన్నె పట్టుకుని. ఆయన వచ్చినట్టు చూడక్కర్లేదు, వాసనకే తెలిసేది.

పాత వైసు ఎవరు తెచ్చినా ముందు కిరసనాయిలులో నానబెట్టేవాడు. తర్వాత ఊకబూడిదతో రుద్దేవాడు, మెల్లగా, పసిబిడ్డ నాలుక తుడిచినట్టు. గీకనిచ్చేవాడు కాదు, రంగు వేయనిచ్చేవాడు కాదు. శుభ్రమయ్యాక బట్టల సబ్బు పలక నుంచి పలచగా ఒక ముక్క కోసి, దవడల మధ్య పెట్టి, కడ్డీ కొంచెమే తిప్పి, వెంటనే వదులు చేసేవాడు. సబ్బు మీద దవడల పళ్ళ అచ్చు పడేది. దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసేవాడు, బొటనవేలితో తడిమేవాడు. అప్పుడు చెప్పేవాడు అది ఎవరి దగ్గర పనిచేసి వచ్చిందో.

"ఇది నగలాయన దగ్గిర ఉండింది. చూడక్కా, పళ్ళన్నీ నున్నగా అరిగినాయి, యాడా లోతు లేదు. చిన్నచిన్నవే పట్టింది పాపం." ఇంకొకటి చూసి, "ఇది సైకిలు షాపుది. నడిమధ్యన గుండ్రంగా తినింది, చువ్వలు పట్టి పట్టి." పని ఎక్కడ ఎక్కువ జరిగితే అక్కడ దవడ అరుగుతుందంట. మన చెప్పులు అరిగినట్టే. ఎవరి నడక వాళ్ళ చెప్పుకు తెలుస్తుంది కదా.

అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు. ఒకసారి నెల్లూరు నుంచి ఎవరో తెచ్చినదాన్ని చూసి, తాళాలు చేసేవాడిది, సందేహం లేదు అన్నాడు. తెచ్చినవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అది కట్టుడు పళ్ళు చేసే ఆయనదంట. ఈయన కాసేపు ఆ సబ్బు ముక్కనే చూసి, "పళ్ళు చేసేవాడి పళ్ళు కూడా నాకు తెలవలేదే," అని తనూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఎవరైనా ఆయన్ని ఏదన్నా అడిగితే, "నన్నడగబాకండి, నాకు పంటికీ తాళానికీ తేడా తెలవదు," అనేవాడు.

ఇన్ని వైసులు ఎందుకు పోగేస్తున్నాడని అందరూ అనుకునేవాళ్ళు. పోగేయడం కాదది. వెతుక్కోవడం.

ఆయన వెతికేది వాళ్ళ నాన్నది. నాన్న ఈ తీరంలో పడవలవాళ్ళకు గాలాలు చేసి ఇచ్చేవాడు. అప్పట్లో పొట్లాల్లో వచ్చే గాలాలు లేవు. ఉక్కు తీగ ముక్కను వైసులో బిగించి, ఇనుమును అరగదీసే ఆకురాయితో మొన తీసి, చేప జారిపోకుండా వెనక ముల్లు లేపి, వంచేవాళ్ళు. నాన్న ఎప్పుడూ బయటి దవడ ఎడమ మూలనే తీగ పెట్టేవాడంట. గాలానికి తగలాల్సిన ఆకురాయి, దాన్ని దాటి దవడ మూలకు కూడా కొంచెం తగులుతుంది కదా. ఒక్కసారికి ఏమీ కాదు. బతుకంతా అదే మూలన చేస్తే అక్కడ గాటు పడింది, చిటికెనవేలి గోరు కూర్చునేంత. వైసు మీద పేరు లేదు, ముద్ర లేదు. ఆ గాటే గుర్తు.

ఆ నాన్న పోయాక ఈయనకు దాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదు. ఆముదం పూసి, గోనెపట్టలో చుట్టి, మంచం కిందికి తోశాడు. కొన్నాళ్ళకు పెళ్ళైంది. ఆమెది బుచ్చిరెడ్డిపాలెం అవతల ఊరు, వాళ్ళ నాన్న వడ్ల మిల్లులో పని. ఆమెకు వడ్లు తెలుసు, బియ్యం తెలుసు, చేపల ఊరు కొత్త. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయన మైపాడు నుంచి చేపలు పంపించాడు, పులుసు పెట్టమని. ఇంట్లో ఎర్రగడ్డలు, అదే మీరనే ఉల్లిపాయలు, లేవు. అప్పుడే వీధిలో కేక వినపడింది, పాతినప సామాన్లకు ఎర్రగడ్డలూ అని. గుర్తుందా నీకు? లేదులే, నువ్వెక్కడ చూస్తావు. పాత ఇనుమిస్తే ఎర్రగడ్డలు తూచి పోసేవాళ్ళు. ఆమె మంచం కింద చూసింది. గోనెపట్టలో తుప్పుపట్టిన ముద్ద. కొత్తకోడలు, ఇంట్లో అడగడానికి పెద్దవాళ్ళు లేరు. ఇచ్చేసింది. చెంగు నిండా ఎర్రగడ్డలు వచ్చాయని సంబరపడింది.

ఆయన వచ్చి తిన్నాడు. పులుసు బాగుందన్నాడు, ఇంకొంచెం వేయించుకున్నాడు. ఎర్రగడ్డలు యాడివి అని మాటవరసకు అడిగాడు. ఆమె సంతోషంగానే చెప్పింది. ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని, మంచం దగ్గరికి పోయి వంగి చూసి, లేచి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. పొద్దుగూకే దాకా ఆ బండివాడి కోసం ఊళ్ళన్నీ తిరిగాడు. దొరకలేదు. తిరిగొచ్చి పడుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

ఆ ఒక్క మాట అనకపోవడమే ఆమెను తినేసింది. నా దగ్గరికొచ్చి ఏడ్చేది.

"తిట్టినా బాగుండు వదినా. నాలుగు తగిలించినా బాగుండు. ఏమీ అనడే. నీకు తెలవదులే అంటాడు, పోయి వైసులు వెతుకుతాడు."

"అనలేదంటే కోపం లేదనే కదమ్మా."

"కోపం లేకుంటే ఎందుకు వెతుకుతాడు?"

ఆ తర్వాత ఆమె చేపల పులుసులో ఎర్రగడ్డ వేయగా నేను చూడలేదు. వట్టి చింతపండు, మెంతిపొడి. వీధిలో పాత ఇనుమువాడి కేక వినపడితే, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి లోపలికి పోయి తలుపు మూసేది. కేక వీధి దాటేదాకా తీసేది కాదు. బిడ్డ పుట్టింది, బిడ్డ పెద్దదైంది, అరిచే మనుషులు పోయి ఆటోలు వచ్చాయి, తలుపు మాత్రం అలాగే మూసుకునేది. మీ అమ్మ చిన్నప్పుడు నవ్వేది, ఎదురింటి అత్తకు ఎర్రగడ్డలంటే భయం అని. నేను నోరు మూయించేదాన్ని.

ఆయన గాటు కోసం వెతుకుతున్నాడని అందరికీ తెలిసిపోయింది. ఒకసారి నాయుడుపేట వైపు నుంచి పాత సామాన్లు అమ్మే మనిషి ఒకడు మోపెడ్ మీద వచ్చాడు, గుడ్డలో చుట్టిన వైసుతో. నేను నా కత్తెర సాన పట్టించుకోవడానికి వచ్చి అక్కడే ఉన్నాను. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆ మనిషి వైసు బల్ల మీద పెట్టి, "చూసుకోన్నా, ఎడమ మూల. మీ నాయనదే," అన్నాడు. నిజంగానే గాటు ఉంది. ఆమె చేతిలో చాట ఆగిపోయింది.

ఈయన సబ్బు ముక్క పెట్టి తిప్పాడు, తీశాడు, బొటనవేలు ఆనించాడు. తర్వాత నా వేలు పట్టుకుని ఆ అచ్చు మీద పెట్టాడు. "కరుకుగా లేదా అక్కా? అంచు గుచ్చుకుంటా ఉంది. ఇది ఒక పూటలో పెట్టిన గాటు." ఆ మనిషి వైపు తిరిగి, "ఆకురాయి నీ దగ్గర్నే ఉండాదా, పారేసినావా? కూర్చో, మజ్జిగ తాగి పో. పనిచేసి అరిగిందానికి అంచు ఉండదు నాయనా. మెత్తగా జారిపోతది. అట్టా పడాలంటే ఒక మనిషి కూర్చోవాల దాని ముందర, బో కాలం."

వాడు నిజంగానే మజ్జిగ తాగి పోయాడు. ఆమె చాట కింద పెట్టేసి లోపలికి పోయింది. ఆ రోజు బియ్యం చెరగడానికి మళ్ళీ రాలేదు.

అప్పటి నుంచి ఆమె కూడా వెతకడం మొదలుపెట్టింది, ఆయనకు తెలియకుండా. కూతురింటికి పోతున్నానని చెప్పి బస్సు దిగి పాత ఇనుము కొట్లలో తిరిగేది. ఒక ఆడమనిషి తుప్పు కుప్పల్లో చేతులు పెట్టి వెతుకుతుంటే ఎంతమంది ఏమన్నారో. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అలా తిరగ్గా తిరగ్గా ఒక కొట్లో మూలన ఒకటి దొరికింది. చిన్నది, దవడలు మూసుకుని తుప్పుతో ముద్దైపోయి ఉంది. ఇది ఇందుకూరుపేట వైపు నుంచి ఎప్పుడో వచ్చిందని కొట్టాయన అన్నాడంట. మన పక్కే కదా అది, ఆమెకు ఆ మాట చాలు.

దవడలు తెరవడం ఆమె వల్ల కాలేదు. అల్లుడు రొయ్యల గుంటల మోటార్లు బాగుచేసే వర్క్‌షాపులో పనివాడు. కానీ మా తరం అత్తలు అల్లుడి ముందు నిలబడి మాట్లాడరు బుజ్జమ్మా, తలుపు చాటు నుంచి కూతురితో చెప్పించాల్సిందే. కొంచెం నోరు తెరిపించమను, మీ నాయన కోసం అని ఆమె కూతురితో అంది. కూతురు మొగుడితో, అమ్మ ఏదో ఇచ్చింది, నాయన కోసమంట, బాగా చేసి ఇవ్వు అంది. అల్లుడు మంచివాడు. మామకు ఇచ్చేదని మనసు పెట్టి చేశాడు. మిషను మీద పట్టి తుప్పంతా లేపేశాడు. దవడలు రెండూ సాపు చేసి కొత్త పళ్ళు కోశాడు. ఆకుపచ్చ రంగు వేశాడు. ఎదురుగా ఉంటే ఆమె వద్దని ఉండేది. ఎదురుగా ఉండే అలవాటు లేదే.

ఆమె దాన్ని ఇంటికి తెచ్చిన రోజు నన్ను పిలిచింది. "నువ్వుంటే నాకు ధైర్యం వదినా," అంది. గుడ్డ విప్పి బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చగా, కొత్త బొమ్మలా ఉంది. నేను బయటి దవడ ఎడమ మూల చూశాను. కొత్తగా, తిన్నగా ఉంది. గాటు లేదు. కుడి మూలా అంతే. అది వాళ్ళ నాన్నదే అయినా ఇక దాన్ని పోల్చుకునే దారి లేదు. కాకపోయినా తెలిసే దారి లేదు. చెప్పగలిగేదంతా మిషను కింద పొడైపోయింది.

సబ్బు పలక పక్కనే ఉంది. ఆయన చెయ్యి దాని వైపు పోయింది. ఆమె ఆయన మొహమే చూస్తోంది, రెప్ప వేయకుండా, చెంగు వేలికి చుట్టుకుని. ఆ చెయ్యి సబ్బు దగ్గర ఆగి, పక్కనున్న గుడ్డ మీదికి మళ్ళింది. గుడ్డ తీసి వైసును తుడిచాడు, తుడవడానికి ఏమీ లేకపోయినా.

"ఇదే," అన్నాడు.

"నిజమా మామా? సరిగ్గా చూడు."

"మా నాయనది నాకు తెలవదా? ఇదే. యాడ దొరికింది మే నీకు?"

ఆమె గోడకు ఆనుకుని జారి కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. ఆయన తల ఎత్తి నా వైపు ఒకసారి చూశాడు. నేను చూశానని ఆయనకు తెలుసు. నేను నా కత్తెర గురించి ఏదో అడిగాను. ఆయన ఏదో చెప్పాడు.

మర్నాటి నుంచి ఆయన గాలాలు చేయడం మొదలుపెట్టాడు.

ఎవరికి కావాలి గాలాలు? అంగడికి పోతే పొట్లం దొరుకుతుంది. అయినా పొద్దున్నే ఆ ఆకుపచ్చ వైసు ముందర కూర్చుని, బయటి దవడ ఎడమ మూలన తీగ బిగించి, ఆకురాయి పట్టేవాడు. మిగతా వైసులన్నిటినీ అడిగినవాళ్ళకు ఇచ్చేశాడు. ఇదొక్కటే మిగిలింది. చేసిన గాలాలు కాలవలో చేపలు పట్టే పిల్లలకు ఊరికే ఇచ్చేవాడు. నీకు కూడా ఇచ్చాడు, వేలికి గుచ్చుకుని ఏడ్చావు, గుర్తుందా? ముసలాయనకు చాదస్తం వచ్చిందన్నారు. వెల్డింగు షాపతను, "సముద్రంలో చేపలన్నీ పట్టించేదాకా వదలడు ఈయన," అన్నాడు. భార్య మాత్రం మురిసిపోయేది. నాయన వైసు దొరికింది కాబట్టి నాయన పని చేస్తున్నాడని.

నేను ఒకసారి అడిగాను, ఎందుకబ్బయా ఈ వయసులో కళ్ళు పోగొట్టుకుంటావు అని. ఆకురాయి ఆపలేదు. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అటు చూసి, గొంతు తగ్గించి, "ఒక్క పూటలో గాటు పెట్టేదానికి చేతగాకనా అక్కా," అన్నాడు. "ఆమెకు తెలుసు గదా, దొంగది ఎట్టుంటదో. ఆ రోజు ఈడనే ఉండింది."

అంతే. దాని తర్వాత మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు.

అప్పుడప్పుడు పోయినప్పుడు చూసేదాన్ని. పని ఆపి ఆ మూలను బొటనవేలితో తడిమేవాడు, బిడ్డకు జ్వరం తగ్గిందా అని చూసినట్టు. ఒకసారి, "ఇంకా కరుకే," అని తనలో తను అనుకున్నాడు. ఆకుపచ్చ రంగు పోయింది, లోపలి ఇనుము బయటపడింది, ఆయన చెయ్యి తగిలే చోట నల్లగా నిగనిగలాడింది.

తర్వాత గుండె బాగలేక మంచాన పడ్డాడు. నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయారు, తెచ్చారు. చేతులు వణికేవి, ఆకురాయి పట్టుకోలేకపోయాడు. వసారాలోకే మంచం వేయించుకున్నాడు, వైసు కనపడేట్టు. నేను చూడ్డానికి పోతే నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో.

"అక్కా, దాని నోరు మూయనీబాక."

"నువ్వే లేచి చూసుకుందువులే," అన్నాను.

"నువ్వు చూడు," అన్నాడు. మంచి చెప్తే వినే రకం కాదు ఆయన, అబద్ధమైతే అసలు వినడు.

ఆయన పోయిన రోజు ఇంటి నిండా మనుషులు. ఆమె ఏడవలేదు. శవాన్ని లేపేముందు వసారాలోకి పోయి, ఆయన నోరు మూసినట్టే వైసు దవడలు కూడా దగ్గరికి మూసి, గట్టిగా బిగించింది. నేను చూశాను. ఆ సమయంలో ఏమని చెప్పను?

కర్మంతా అయిపోయి చుట్టాలు వెళ్ళాక పోయాను. నేను నోరు తెరవకముందే ఆమె అంది, "మూయకూడదన్నాడు గదా వదినా. మూసేసినాను. ఇప్పుడు రావడం లేదు." కడ్డీ పట్టుకుని ఇద్దరం లాగాం. ఉప్పుగాలి తన పని చేసింది. కిరసనాయిలు పోసి, కాసేపాగి, మళ్ళీ లాగితే కిర్రుమని వదిలింది. ఆమె ఆ తెరుచుకున్న సందు వైపు చూస్తూ నిలబడింది.

"ఇన్నేళ్ళూ దీంట్లో నేను సబ్బు పెట్టి చూడలేదు వదినా."

"ఎందుకమ్మా?"

"భయం. ఇదే అన్నాడు గాని, నా ఏడుపు మాన్పించేదానికి అన్నాడేమోనని. పెట్టి చూస్తే తెలిసిపోద్ది గదా. ఆయన ఉండగా తెలిసిపోతే ఆయన మొహం ఎట్టా చూసేది? ఇప్పుడు ఆయన లేడు. ఇంక తెలిసినా ఒకటే."

లోపలికి పోయి బట్టల సబ్బు తెచ్చింది. కత్తిపీట మీద పలచగా ముక్క కోసింది. దవడల మధ్య పెట్టి, ఆయన తిప్పినట్టే రెండు వేళ్ళతో తిప్పింది. వెంటనే వదులు చేసింది. ముక్కను అరచేతిలో పెట్టుకుని చూడలేక నాకిచ్చింది.

ఎడమ మూలన గాటు అచ్చు ఉంది. చిటికెనవేలి గోరు కూర్చునేంత.

ఆమె చెయ్యి పట్టుకుని, ఆయన నా వేలు పెట్టినట్టే, ఆమె బొటనవేలిని ఆ గాటు మీద పెట్టాను. అంచు లేదు. మెత్తగా జారిపోయింది వేలు.

"కరుకు లేదు," అంది ఆమె. మళ్ళీ తడిమింది. "కరుకు లేదు వదినా. మెత్తగా ఉండాది. చూడు, పనిచేసిందే ఇది. ఇదేనా?"

"ఇదేనమ్మా," అన్నాను.

అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన రోజు నుంచి దాచుకున్నదంతా. ఏడుస్తూనే లేచి, ఆయన పని లుంగీ ఒకటి ఆముదం మరకలతో దండెం మీద అలాగే ఉండిపోతే, దాన్ని తీసుకుని పెరట్లోకి పోయింది. బకెట్లో నీళ్ళు పోసి ఆ సబ్బు ముక్కతోనే రుద్దడం మొదలుపెట్టింది. నేను ఆపబోయాను. దాచుకోవాల్సింది కదా అని. మళ్ళీ అనుకున్నాను, ఆమె చూడాల్సింది చూసేసింది. అచ్చు అరిగిపోయింది, గాటు అరిగిపోయింది, చేతిలో నురగ మిగిలింది. మరకలు మాత్రం పోలేదు. ఆముదం మరక అంత తేలిగ్గా పోదు.

నేను వసారాలోకి వచ్చి వైసు దగ్గర నిలబడ్డాను. తాటాకు దూరేంత సందు వదిలాను. కడ్డీని తిన్నగా కిందికి వేలాడేశాను. ఇప్పుడు కూడా రోజూ సాయంత్రం పోయి చూసొస్తాను. ఆమే వదులు చేసి ఉంచుతుంది, నేను చూడాల్సిన పని లేదు. అయినా చూడమన్నాడు కదా.

అది వాళ్ళ నాన్నది అవునో కాదో నాకు తెలియదు బుజ్జమ్మా. ఆయనకూ తెలియదు. తెలియకుండానే పోయాడు, బతుకంతా వెతికినవాడు.

ఇందాక ఆటో అంతసేపు వీధిలో మోత పెట్టింది కదా. నువ్వు కిటికీలోంచి చూసొచ్చి ఏమన్నావు? అదే రాసుకో. ఎదురింటి తలుపు తీసే ఉంది.